చీటీ డబ్బు, గ్యాస్ సిలిండర్, రోమా 12

ప్రశ్న: వందనాలండి. మాది కావలి దగ్గర పల్లెటూరు. పదకొండేళ్ళుగా బెంగళూరులో, కె.ఆర్. పురంలో ఉంటున్నాం. మా ఆయన క్యాబ్ నడుపుతారు, నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. మా తెలుగు సంఘంలోనే ఒక అక్క చీటీలు నడిపేది. 20 మంది, 20 నెలలు, నెలకు 10,000, మొత్తం రెండు లక్షల చీటీ. పాపను డిప్లొమాలో చేర్చేటప్పుడు పాడుకుందామని నేను ఎత్తకుండా ఉంచాను. 14 నెలలు కట్టాను. తగ్గింపులు పోను నా చేతి నుంచి వెళ్ళింది 1,18,000. జూన్‌లో ఒక రాత్రి ఆమె, ఆమె భర్త బిచాణా ఎత్తేశారు. హోసూరులో చెల్లెలి ఇంట్లో ఉన్నారని ఇప్పుడు తెలిసింది. ముసలి అత్తను, తొమ్మిదో తరగతి చదివే కొడుకును మాత్రం ఇక్కడే వదిలేసి వెళ్ళింది.

తెలిసిన రోజు అందరం వాళ్ళింటి మీదికి వెళ్ళాం. ఒకరు టీవీ తీసుకున్నారు, ఒకరు మిక్సీ. మా ఆయన గ్యాస్ సిలిండర్ భుజాన వేసుకొచ్చారు. నేను ఆపలేదు. ఇప్పుడు దాని మీదే వండుతున్నాను.

ఆయన స్నేహితుడొకరు, తనకు తెలిసిన రికవరీ కుర్రాళ్ళు హోసూరు వెళ్ళి ఆమెను పట్టుకొస్తారని, వసూలైన దాంట్లో 30 శాతం వాళ్ళకిస్తే చాలని అంటున్నాడు. అదొద్దు, పోలీసు కంప్లైంట్ ఇద్దామని నేనంటున్నాను. పాస్టరుగారేమో రెండూ తప్పే అంటున్నారు. ‘పగ తీర్చుట నా పని అని ప్రభువు చెప్పాడు, విశ్వాసి మీద విశ్వాసి కోర్టుకెక్కకూడదు, శత్రువును ప్రేమించాలి, వదిలెయ్యమ్మా’ అన్నారు. క్షమించడమంటే డబ్బు కూడా వదులుకోవడమేనా? పోలీసుల దగ్గరకు వెళ్తే అది పగ కిందికి వస్తుందా? నిజం చెప్పాలంటే, ఆమె పేరెత్తి ప్రార్థన చెయ్యాలంటే నాకు నోరు రావడం లేదు.

— ఒక సహోదరి, బెంగళూరు

సమాధానం: తల్లీ, పోలీసుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ సిలిండర్.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. డబ్బు గురించి రాసిన చోట కోపం ఉంది, పాస్టరుగారి గురించి రాసిన చోట విసుగు ఉంది. సిలిండర్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం మీ గొంతు తగ్గిపోయింది. నేను ఆపలేదు అని మీరే రాశారు, ఎవరూ అడగకుండానే. పొయ్యి వెలిగించిన ప్రతిసారీ మీకది గుర్తొస్తూనే ఉందని నా అనుమానం.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో, అప్పు రావలసినవాళ్ళకు పెట్టిన కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. ఇన్నేళ్ళలో వాటి మీద ప్రసంగం ఒక్కటి కూడా నేను వినలేదు, ఎందుకో మరి. తిరగలిని తాకట్టు పట్టకూడదు, తిరగలి పై రాయిని కూడా పట్టకూడదు, అది మనిషి బతుకుతెరువునే పట్టుకుపోయినట్టు అని ఒకటి. ఆ రోజుల్లో తిరగలి ఆగిందంటే ఆ పూట రొట్టె లేదు. కె.ఆర్. పురంలో తిరగలి అంటే సిలిండరే. ఇంకో నాలుగు వచనాలు దిగితే మరో మాట ఉంది. బాకీ కోసం వెళ్ళినవాడు తాకట్టు వస్తువు తెచ్చుకోవడానికి ఎదుటివాడి ఇంట్లోకి వెళ్ళకూడదు. గుమ్మం బయట నిలబడాలి. ఇంటివాడే తెచ్చి ఇవ్వాలి. ఆ రోజు మీతో వచ్చినవాళ్ళలో గుమ్మం బయట ఆగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఇవి ఎగవేతదారులను వెనకేసుకొచ్చే మాటలనుకోకండి. బాకీ నిజం, మీ కష్టం నిజం అని ఒప్పుకున్న తర్వాత చెప్పిన మాటలివి. ఎంత న్యాయమైన బాకీ ఉన్నా, వెళ్ళకూడని చోటొకటి ఉందని చెబుతున్నాయి. ఆమె హోసూరులో చెల్లెలి పొయ్యి మీద వండుకుంటోంది. ఇక్కడ ఆరిపోయింది ఆ ముసలావిడ పొయ్యి, ఆ పిల్లాడి పొయ్యి. వాళ్ళు మీ చీటీ నడపలేదు, మీ డబ్బు ముట్టుకోలేదు. చట్టం మాట కూడా చెబుతాను. బాకీ ఉంది కదా అని ఒకరి ఇంట్లో సామాను వాళ్ళకు ఇష్టం లేకుండా ఎత్తుకొస్తే అది దొంగతనం కిందికి వస్తుంది. రేపు మీరు స్టేషన్‌కు వెళ్తే అవతలి లాయరు మొట్టమొదట పట్టుకునేది దాన్నే.

ఇక పాస్టరుగారి వచనం. ఆయన మీద నాకు కోపం లేదు. సంఘం పేరు పేపర్లోకి ఎక్కుతుందేమోనని, రేపు ఇంకో నాలుగు కుటుంబాలు విడిపోతాయేమోనని ఆయన టెన్షన్ ఆయనది. కానీ వచనం సగమే చెప్పారు. రోమా 12:19 మన తెలుగు బైబిల్లో “మీకు మీరే పగతీర్చుకొనక, దేవుని ఉగ్రతకు చోటియ్యుడి” అని ఉంటుంది. ఆ తర్వాతే “పగతీర్చుట నా పని” అన్న మాట. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. మనల్ని మానమన్నది తీర్చుకోవడం. దేవుడు తన పని అన్నది తీర్చడం.

ఆ ‘కొను’ తెలుగులో చాలా పని చేస్తుంది. మీరు బ్లౌజు కుట్టడానికీ కుట్టుకోవడానికీ తేడా మీకు నేను చెప్పాలా? ఒకటి ఇంకొకరి కోసం, ఒకటి మీ కోసం. తీర్చడం కూడా అంతే. దెబ్బ తిన్నవాడే ఫిర్యాదుదారు, వాడే జడ్జి, శిక్ష వేసే చెయ్యి కూడా వాడిదే అయితే అది తీర్చుకోవడం. మీకూ ఆమెకూ ఏమీ కాని మూడో మనిషి కూర్చుని, రెండు వైపులా విని, ఇంత ఇవ్వాలి, ఇంత శిక్ష అని తేల్చితే అది తీర్చడం. తీర్పు అన్న మాట పుట్టింది అక్కడే. లూకా 18లో యేసు చెప్పిన కథలో విధవరాలు న్యాయాధిపతి గుమ్మం చుట్టూ తిరిగేది ‘న్యాయము తీర్చుము’ అంటూనే. దేవుడంటే భయం లేని, మనుషులంటే లెక్క లేని జడ్జి అతను. అయినా ఆమె వదల్లేదు. యేసు ఆమెను తప్పుపట్టలేదు సరికదా, విసుగు లేకుండా ప్రార్థించడానికి ఆమెనే ఉదాహరణగా చూపించాడు. రోమా పత్రికలో ‘పగతీర్చుట’ అని మనం చదివే మాటా, ఈ విధవరాలి నోట ‘న్యాయము తీర్చుము’ అని చదివే మాటా గ్రీకులో ఒకే వేరు నుంచి వచ్చినవి.

మరి దేవుడు ఆ తీర్చే పని ఎప్పుడు, ఎవరి చేత చేయిస్తాడు? చివరి తీర్పు దినం ఎలాగూ ఉంది. అప్పటిదాకా ఏమిటన్నది, రోమా పత్రిక రాసిన పౌలు ఆ వెంటనే చెప్పాడు, కానీ మధ్యలో అధ్యాయం మారడంతో మనం అక్కడ పుస్తకం మూసేస్తాం. పౌలు అధ్యాయాలు పెట్టలేదు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసింది, కొత్త నిబంధనకు ఈ వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ వేసినవి. రోమా సంఘంలో ఆ ఉత్తరం పైకి చదివిన రోజున పన్నెండు అయిపోయింది, వచ్చే ఆదివారం పదమూడు అని ఎవరూ ఆగి ఉండరు. ‘దేవుని ఉగ్రతకు చోటియ్యుడి’ అన్న కొద్ది వాక్యాలకే 13:4లో అధికారి వస్తాడు. కీడు చేసేవాడి మీద ‘ఆగ్రహము చూపుటకై’ ఉన్న దేవుని పరిచారకుడు అంటాడు పౌలు అతన్ని. మన అనువాదంలో ఒకచోట ఉగ్రత, ఇంకోచోట ఆగ్రహము అని పడింది గానీ గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట, ఓర్గే. అంటే మీరు పక్కకు జరిగి ఇచ్చే ఆ చోటులోకి వచ్చి నిలబడేవాళ్ళలో పోలీసు, మేజిస్ట్రేటు కూడా ఉన్నారన్నమాట. కంప్లైంట్ ఇవ్వడం చోటు ఇవ్వడమే. రికవరీ కుర్రాళ్ళను పంపడం ఆ చోటును మీరే ఆక్రమించుకోవడం.

పౌలుకు ప్రభుత్వమంటే గుడ్డి నమ్మకం ఉందని కూడా అనుకోవద్దు. ఆయన ఇది రాసింది సుమారు 57లో, గద్దె మీద ఉన్నది నీరో చక్రవర్తి. ఆ నీరో కాలంలోనే రోములో పౌలును చంపించారని సంఘ సంప్రదాయం. అంతకు ముందే ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి జైల్లో వేశారు. తెల్లారి గుట్టు చప్పుడు కాకుండా వెళ్ళిపొమ్మని కబురు పంపితే పౌలు కదల్లేదు. బహిరంగంగా కొట్టించారు కదా, ఇప్పుడు వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటకు తీసుకెళ్ళాలి అన్నాడు (అపొస్తలుల కార్యములు 16). అధికారులు వచ్చి బతిమాలుకున్నారు. ఇంకోసారి కొరడాలతో కొట్టబోతే రోమా పౌరుణ్ణని అడ్డం వేశాడు, చివరికి కైసరుకే అప్పీలు చేసుకున్నాడు. చెంప తిప్పమన్న యేసు కూడా, విచారణలో బంట్రౌతు కొట్టినప్పుడు, నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చెప్పు, లేకపోతే ఎందుకు కొడుతున్నావని అడిగాడు (యోహాను 18). తిరిగి కొట్టలేదు. అలాగని నోరు మూసుకునీ ఊరుకోలేదు.

కోర్టు వచనం మిగిలింది, 1 కొరింథీ 6. దాన్ని తేలిగ్గా దాటెయ్యలేం. విశ్వాసులు చిన్న చిన్న వ్యవహారాలకు కోర్టుల కెక్కుతున్నారని పౌలు నిజంగానే గట్టిగా చివాట్లు పెట్టాడు. ఆ కాలపు సివిల్ కోర్టుల్లో పరపతి ఉన్నవాడిదే పైచేయి, కాబట్టి కొరింథులో కోర్టుకెక్కినవాళ్ళు కలిగినవాళ్ళే అయ్యుంటారని పండితులు చాలామంది అంటారు. సహోదరుల మధ్య ‘వ్యాజ్యెము తీర్చగల’ బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని అడిగాడు పౌలు. చూశారా, ఇక్కడా తీర్చడమే. వదిలెయ్యండి అని అక్కడితో ఆపలేదు, మీలో మీరు కూర్చుని తేల్చండి అన్నాడు. మీ సంఘం ఆ పని చేసిందా? ఆమెను పిలిపించారా? లెక్కల పుస్తకం బల్ల మీద పెట్టించారా? ఏడో వచనం, ‘అన్యాయము సహించుట మేలు కాదా’ అన్నది, మీకు చదివి వినిపించారు. ఎనిమిదో వచనం, మీరే అన్యాయం చేస్తున్నారు, అపహరిస్తున్నారు, అదీ సహోదరులకే అన్నది, ఎవరికి చదివి వినిపించాలి? దానికి బస్సెక్కి హోసూరు వెళ్ళాలి. సిల్క్ బోర్డు దగ్గర ఎక్కితే గంటన్నర, ట్రాఫిక్‌ను బట్టి.

పైగా మీది ఇద్దరి మధ్య గోడ తగాదా కాదు. 20 మంది డబ్బు. వాళ్ళలో ఇళ్ళలో పాచిపని చేసుకునేవాళ్ళు కూడా ఉండే ఉంటారు. నా 1,18,000 నేను వదులుకుంటాను అని మీరు అనొచ్చు, అది మీ సొమ్ము. పక్కింటామె డబ్బును మీరు ప్రేమ పేరుతో వదిలెయ్యలేరు. ప్రొటెస్టంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ 1523లో ప్రభుత్వాధికారం మీద రాస్తూ ఈ తేడానే పట్టుకున్నాడు. క్రైస్తవుడు తన కోసం కత్తి అడగకూడదు, పొరుగువాడి కోసమైతే అడగాలి అన్నాడు. (ఆ లూథరే 1525లో తిరగబడ్డ రైతులను నరికెయ్యమని దొరలకు రాశాడు. రోమా 13 ఎవరి చేతిలో ఉందన్నది కూడా చూసుకోవాలి.) దీనికి ఒప్పుకోని క్రైస్తవులూ ఉన్నారు. 1527లో, పెద్దయ్యాకే బాప్తిస్మం ఇవ్వాలనే అనాబాప్టిస్టులు ష్లైట్‌హైమ్ అనే ఊళ్ళో కూడి, ప్రభుత్వం చేతి కత్తి దేవుడు పెట్టిందే అయినా క్రీస్తు పరిపూర్ణతకు బయటిదనీ, తాము దాన్ని పట్టకూడదనీ రాసుకున్నారు. మన మహబూబ్‌నగర్, నల్గొండ వైపు ఉన్న మెన్నొనైట్ బ్రదరన్ సంఘాల మూలాలు ఆ కొమ్మలోవే. వాళ్ళను నేను గౌరవిస్తాను. కానీ తనే నష్టపోయినవాడు ఆ మాట అంటే ఒక అర్థం, నష్టపోని వాడు నష్టపోయినవాళ్ళతో అంటే ఇంకో అర్థం.

క్షమాపణా కేసూ కలిసి ఉండగలవా అని మీ సందేహం. మన దేశంలోనే జరిగింది. 1999 జనవరి 22 రాత్రి ఒరిస్సాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌ను, ఆరేళ్ళ తిమోతిని జీపులోనే తగలబెట్టారు. భార్య గ్లాడిస్ చంపినవాళ్ళను క్షమించానని అందరి ముందూ చెప్పింది. కూతురితో అక్కడే ఉండి బరిపాదలో కుష్ఠు రోగుల సేవ కొనసాగించింది. కేసు మాత్రం ఆగలేదు, ఆపమని ఆమె అడగనూ లేదు. సీబీఐ దర్యాప్తు, 2003లో కింది కోర్టు శిక్షలు, ప్రధాన నిందితుడి యావజ్జీవాన్ని 2011లో సుప్రీంకోర్టు ఖాయం చెయ్యడం, అన్నీ జరిగాయి. ఆమె క్షమాపణను ఎవరూ అబద్ధమనలేదు.

వెనక్కి వెళ్తే, 412లో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్ అగస్టీన్ రాసిన ఉత్తరం ఒకటుంది. ఎదుటి క్రైస్తవ వర్గం వాళ్ళు తన సంఘ గురువుల్లో ఒకరిని చంపారు, ఇంకొకరి కన్ను పీకి వేలు నరికారు. పట్టుబడి ఒప్పుకున్నారు. తీర్పు చెప్పవలసిన అధికారి మార్సెల్లినస్‌కు అగస్టీన్ ఏమని రాశాడో తెలుసా? వదిలెయ్యమని రాయలేదు. వాళ్ళు చేసింది వాళ్ళకు చెయ్యొద్దు, ప్రాణం తియ్యొద్దు, కన్నూ వేలూ తియ్యొద్దు, అరాచకం మాన్పించి ఏదైనా పనికొచ్చే పనిలో పెట్టు అన్నాడు. కేసు నడవాలి, కసి నడవకూడదు. నాకు ఈ ఉత్తరం చాలా ఇష్టం, ఎందుకంటే అది రాసినవాడు అప్పటికింకా శవం పక్కనే ఉన్నట్టు రాశాడు.

నా సంగతి ఒకటి చెప్పాలి, కొంచెం సిగ్గుగానే ఉంది. నేను పాస్టర్‌ని కాను, బ్యాంకులో పని చేసి రిటైరయినవాణ్ణి. తొంభైల్లో మా బ్రాంచిలో ఒక సహోద్యోగికి సొసైటీ లోనుకు హామీ సంతకం పెట్టాను. అతను ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోయాడు. నెలకు 900 చొప్పున 44 నెలలు నా జీతంలోంచి కోశారు. నేను కేసు పెట్టలేదు. ప్రభువు నాకు క్షమించే మనసిచ్చాడని సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. నిజానికి స్టేషన్ మెట్లెక్కాలంటే భయం, వాయిదాలకు సెలవు పెట్టాలంటే బద్ధకం. చాలా ఏళ్ళకు, చింతామణిలో అతను పెట్టిన కొట్టు ఐపీ పెట్టి మూతపడిందని ఎవరో చెప్పారు. ఆ రాత్రి నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. మా ఆవిడ, ‘ఏంటి ఇవాళ ఇంత హుషారు’ అంది. అప్పుడు తెలిసింది నాకు, నేను క్షమించలేదని, ఊరికే కాచుకుని కూర్చున్నానని. కేసు పెట్టనివాడి కడుపులో కూడా పగ హాయిగా పెరుగుతుంది తల్లీ. ఒక్కోసారి ఇంకా బాగా పెరుగుతుంది.

ఇప్పుడు చెయ్యవలసిన పనులు. రికవరీ కుర్రాళ్ళను మీ ఆయన దగ్గరకే రానివ్వకండి. వాళ్ళు ఆమె మీద చెయ్యి వేసిన మరుక్షణం ఆమె బాధితురాలు, మీ ఆయన ముద్దాయి. 30 శాతం సంగతి అటుంచి లాయరు ఫీజు పడుతుంది.

పాస్టరుగారిని, సంఘంలో లెక్క తెలిసిన ఇద్దరు పెద్దలను పట్టుకుని, ఫలానా తారీకు లోపల ఆమెను పిలిపించి కూర్చోబెట్టమనండి. వదిలెయ్యమన్న నోటితోనే ఆయన్ను ఆ మాట అడిగించండి. ఆమె వచ్చి, ఎవరికెంతో ఒప్పుకుని, కాగితం మీద నెలనెలా కట్టే లెక్క రాసిస్తే అంతకన్నా కావలసిందేముంది? రాకపోతే మిగిలినవాళ్ళతో కలిసి స్టేషన్‌కు వెళ్ళండి. చీటీ నడిచింది ఇక్కడ కాబట్టి ఆమె రాష్ట్రం దాటి హోసూరులో ఉన్నా ఇక్కడే ఇవ్వొచ్చు. మోసం అయితే భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 318, నమ్మకద్రోహం అయితే 316. రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపడానికి 1982 చిట్ ఫండ్స్ చట్టం ఒప్పుకోదు, మాకూ చుట్టుకుంటుందేమోనని కొందరు వెనకాడతారు గానీ నడిపినవాళ్ళదే ఆ బాధ్యత. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే రాతపూర్వకంగా డీసీపీకి పోస్టులో పంపండి, అదీ కాకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చెయ్యండి. ఇంకో సంగతి, పాస్టరుగారికి కూడా చెప్పండి: మోసం కేసులో తర్వాత ఆమె డబ్బు కడితే, కోర్టు అనుమతితో మీరు రాజీ పడొచ్చు. కేసు పెట్టినంత మాత్రాన తలుపు మూసుకుపోదు.

కంప్లైంట్ రాసేటప్పుడు మీ పక్కన ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, బెదిరించిందని కూడా రాయించు, బంగారం తీసుకుందని కూడా రాయించు, కేసు గట్టిగా ఉంటుంది అని. రాయించకండి. తగ్గింపులు తీసెయ్యకుండా 1,40,000 అని వెయ్యమంటారు, 1,18,000 అనే వెయ్యండి. కన్నడలో రాస్తే చదివి వినిపించమని అడిగి అర్థమయ్యాకే సంతకం పెట్టండి. శత్రువును ప్రేమించాలని పాస్టరుగారు అన్నారు కదా, దానికి మొదటి మెట్టు ఇదే. ఆమె చేసిన తప్పుకు ఒక్క రూపాయి కూడా కలపకపోవడం. కంటికి కన్ను అన్న పాత మాట కూడా మొదట పెట్టింది ఇందుకే, కన్ను పోయినవాడు తల అడగకుండా. ఆమె ఫోటో ‘దొంగ’ అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. ఆ పిల్లాడి స్కూల్ గ్రూపులో కూడా ఎవరో ఒకరు ఉంటారు.

ప్రార్థనకు నోరు రావడం లేదన్నారు. రాకపోతే మంచి మాటలు తెచ్చిపెట్టుకోకండి. 109వ కీర్తన తెరిచి చదవండి. శత్రువు పిల్లలు బిచ్చమెత్తాలని అడిగిన ప్రార్థన అది, బైబిల్లోనే ఉంది, ఎవరూ చించి పారెయ్యలేదు. ఆ కోపాన్ని దేవుడి ముందు పెట్టడం, ఆమె గుమ్మం ముందు పెట్టకపోవడం, అదీ చోటు ఇవ్వడమే. పిల్లల గురించి ఉన్న ఆ వచనం దగ్గరకు వచ్చేసరికి మీకు ఆ తొమ్మిదో తరగతి అబ్బాయి గుర్తొస్తాడు. అక్కడ మీ నోరు ఆగితే ఆగనివ్వండి. ఆ రోజుకు అంత ప్రార్థన చాలు.

డబ్బు మొత్తం వస్తుందని నేను మాటివ్వలేను. బ్యాంకులో అన్నేళ్ళు చూశాను, ఇలాంటివి వస్తే సగం వస్తాయి, అదీ ఏళ్ళకు. పాప డిప్లొమా ఫీజు ఆ డబ్బు మీద పెట్టుకోకుండా ఇప్పుడే వేరే దారి చూసుకోండి.

సిలిండర్ మాత్రం ఈ వారమే ఇచ్చెయ్యండి. వాడింది కాబట్టి నిండుది ఇవ్వండి, ఖాళీది కాదు. మీ ఆయనే మోసుకెళ్ళాలి, తెచ్చింది ఆయనే కదా. కోడలి గురించి ఆ ముసలావిడను ఏమీ అడగొద్దు. ‘బయట పెట్టి వెళ్తున్నాం పెద్దమ్మా’ అంటే చాలు, ఆమె రమ్మంటేనే లోపలికి వెళ్ళండి. రెగ్యులేటర్ కూడా తీసుకెళ్ళడం మర్చిపోకండి. మీరు దాని సంగతి రాయలేదు గానీ, అంత కోపంలో సిలిండర్ ఎత్తినవాళ్ళు దాన్ని విప్పి అక్కడ పెట్టి ఉండరు.